రెండంగుళాల గొట్టానికి ఏ తూటా

నవంబర్ 9, 2024, శనివారం, హ్యూస్టన్

ఆయుధాల దుకాణంలో .38 స్పెషల్ తూటాల అర ఒక్కటే రెండు బారల పొడవుంది. ప్రతి డబ్బా మీదా రెండు అంకెలు: బుల్లెట్ బరువు ఇన్ని గ్రెయిన్లు, వేగం సెకనుకు ఇన్ని అడుగులు. ఒకదాని మీద 110 గ్రెయిన్లు, 1010 అడుగులు. ఇంకోదాని మీద 158 గ్రెయిన్లు, 890 అడుగులు. ఏడు వేల గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండు. 158 అంటే పది గ్రాముల పైచిలుకు. కౌంటర్ దగ్గరి కుర్రాడు వేగం ఎక్కువున్న డబ్బా నా ముందుకు జరిపాడు. ఆ వేగం ఎంత పొడవు గొట్టంలోంచి కొలిచిందని అడిగితే డబ్బా తిప్పి వెతికాడు. చిన్న అక్షరాల్లో ఉంది: నాలుగంగుళాల టెస్ట్ బ్యారెల్.

నా దగ్గరున్నది స్మిత్ అండ్ వెసన్ 642. దాని గొట్టం 1.875 అంగుళాలు, రెండు కూడా లేదు. మందు మండి పుట్టిన వాయువు బుల్లెట్‌ను తోసేది అది గొట్టంలో ఉన్నంతసేపే. గొట్టం సగానికి తగ్గితే సెకనుకు వంద అడుగుల వేగం పోతుంది, కొన్ని తూటాల్లో అంతకంటే ఎక్కువే పోతుంది. పైగా రివాల్వర్‌లో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందు ఉంటుంది, కొంత వాయువు అటు పక్కకి తప్పించుకుంటుంది. నాకు కావలసిన అంకె ఆ అరలో చాలా డబ్బాల మీద లేదు. అంచేత ఇవాళ ఒక్కటే కొనలేదు. నాలుగు రకాలు తెచ్చాను.

నవంబర్ 12, మంగళవారం

రాత్రి తొమ్మిదికి షట్టర్ దించేది నేనే. సొంత మందుల షాపు, గార్డు లేడు. లోపల తాళం బీరువాలో ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ ఉంటాయని అందరికీ తెలిసిందే. ఎవరైనా బెదిరించి అడిగితే తాళాలిచ్చెయ్యాలన్నది మా షాపులో మొదటి నియమం. మాత్రలకు ఇన్సూరెన్స్ ఉంది. రివాల్వర్ కొన్నాక కూడా ఆ నియమం మారలేదు, మార్చను. తాళాలిచ్చాక కూడా ప్రాణం తియ్యడానికే చూసేవాడు ఎదురైతే, ఆ ఒక్క పరిస్థితికే ఇది. తెల్లకోటు లోపలి జేబులో పడుతుంది. సుత్తి బయటికి పొడుచుకుని ఉండదు కాబట్టి తీసేటప్పుడు గుడ్డకి తగులుకోదు.

ఇవాళ కౌంటర్ వెనక నిలబడి షాపంతా కొత్తగా చూశాను. నాకూ తలుపుకీ మధ్య ఇరవై అడుగులు. తలుపు పక్కనే పెద్దవాళ్ళు కూర్చుని మందుల కోసం చూసే కుర్చీలు. ఎడమ పక్క జిప్సమ్ గోడ. దాని వెనక గదిలో మా టెక్నీషియన్ మందులు కలుపుతూ ఉంటుంది. తూటా గురించి నేను వేసే ప్రతి లెక్కలోనూ ఆ కుర్చీలూ ఆ గోడా ఉండాలి.

నవంబర్ 17, ఆదివారం

రేంజ్‌కి వెళ్ళొచ్చాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఇంకా మండుతోంది.

మామూలు .38 స్పెషల్‌కి అమెరికా తూటాల పరిశ్రమ పెట్టుకున్న పీడనం హద్దు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు. ప్లస్ పి అని రాసి ఉన్న వాటికి 20,000. పొట్టి గొట్టంలో పోయిన వేగాన్ని ఎక్కువ పీడనంతో రాబట్టుకోవచ్చన్నది ప్లస్ పి వెనక ఆలోచన. రాబట్టుకోవచ్చు, నిజమే. కానీ ఆ బాకీ చెయ్యి తీర్చాలి. నా రివాల్వర్ ఒళ్ళు అల్యూమినియం, బరువు నాలుగు వందల గ్రాములు. జేబులో ఉన్నట్టే తెలియదు, అందుకే కొన్నాను. అంత తేలిక తుపాకీలో 158 గ్రెయిన్ల ప్లస్ పి పేలిస్తే అది తన్నిన తన్నుకి మొదటి గుండు కాగితం నడుమ, రెండోది భుజం దగ్గర, మూడోది అంచున పడ్డాయి. కిందటి ఏడు నుంచి వేళ్ళ కీళ్ళు పట్టేస్తున్నాయి నాకు. ట్రిగ్గర్ నొక్కడానికే పన్నెండు పౌండ్ల దాకా బలం కావాలి.

నేర్పించే ఆయన షెరిఫ్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. తూటాలో బలం ఎంతని ఆయన అసలు అడగడు. సిలిండర్‌లోని ఐదూ ఎన్ని సెకన్లలో, ఎంత మేర లోపల పడ్డాయన్నదే చూస్తాడు. “ఏ డబ్బాతో నెలనెలా ఇక్కడికొచ్చి సాధన చెయ్యగలరో అది తీసుకోండి” అన్నాడు. ఈ నెలంతా విన్న సలహాల్లో నాకు బాగా పట్టింది ఇదే.

ఇంటికి రాగానే చేతులు చన్నీళ్ళతో, సబ్బుతో రుద్దుకుని, బట్టలు విడిగా వేశాను. ప్రైమర్‌లోనూ బుల్లెట్‌లోనూ సీసం ఉంటుంది. మనవరాలు ఇంకా పాకే వయసు.

నవంబర్ 20, బుధవారం

తూటాల గురించి ఎవరితో మాట్లాడినా చివరికి ఒక తేదీ దగ్గరికి వస్తారు: 1986 ఏప్రిల్ 11, మయామి. బ్యాంకులు దోచే ఇద్దరిని పట్టబోయిన ఎఫ్‌బీఐ ఏజెంట్లలో జెర్రీ డవ్, బెన్ గ్రోగన్ చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. కాల్పుల తొలి క్షణాల్లోనే డవ్ పేల్చిన 9 ఎంఎం బుల్లెట్ ప్లాట్ అనేవాడి కుడి చేతిలోంచి దూసుకెళ్ళి ఛాతీలోకి దిగింది. చక్కగా విచ్చుకుంది కూడా. కానీ గుండెకి ఇంకా అంగుళం ఉందనగా ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా పోరాడుతూనే ఉన్నాడు. ఆ పోరుని ముగించినవాడు ఎడ్ మిరెలెస్. ఒక చెయ్యి ఛిద్రమైపోయినా లేచి, రివాల్వర్‌లో ఉన్న .38 స్పెషల్ ప్లస్ పి తూటాలతో ఇద్దరినీ ఆపాడు.

ఎఫ్‌బీఐ ఇప్పటికీ వాడే పరీక్ష ఆ రోజు నుంచి పుట్టింది. పది శాతం జెలటిన్ దిమ్మ, 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనం. దిమ్మ సరిగ్గా గట్టిపడిందో లేదో తెలుసుకోడానికి ముందు ఒక చిన్న ఉక్కు గోలీని సెకనుకు 590 అడుగుల వేగంతో కొడతారు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. ఆ తర్వాత అసలు తూటా. పన్నెండంగుళాలకి తగ్గకూడదు, పద్దెనిమిది దాటకూడదు. మేం రోజూ చేత్తో పట్టుకునే క్యాప్సూళ్ళ తొడుగు కూడా జెలటినే కాబట్టి ఈ పరీక్ష నాకు దగ్గరగా అనిపిస్తుంది.

మనిషి ఛాతీ ముందు నుంచి వెనక్కి పన్నెండంగుళాలు ఉండదు. మరి పన్నెండెందుకంటే, ఎదుటివాడు బొమ్మలా ఎదురుగా నిలబడడు. పక్కకి తిరిగి ఉంటాడు, చెయ్యి చాచి ఉంటాడు, వంగి ఉంటాడు. ప్లాట్‌ విషయంలో చెయ్యే అడ్డొచ్చింది.

నవంబర్ 28, గురువారం, థాంక్స్ గివింగ్

పులిహోర, గోంగూర మటన్, టర్కీ లేదు. మా పిన్ని కొడుకు డాలస్ నుంచి వచ్చాడు. మాటల్లో రివాల్వర్ సంగతి తెలిసి, “అక్కా, నాకూ ఒకటి చూడవా? టెక్సస్‌లో లైసెన్స్ కూడా అక్కర్లేదంట కదా” అన్నాడు.

వాడు హెచ్‌1బీ మీద ఉన్నాడు. “ఒరే, ఆ ఆలోచనే పెట్టుకోకు” అన్నాను. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో లైసెన్స్ లేకుండా చేతి తుపాకీ దగ్గర పెట్టుకోవచ్చు, నిజమే. అది చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగినవాళ్ళకి. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం కింద నేరం. వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులున్నాయి, అవి కూడా వకీలుని అడగకుండా నమ్ముకోవద్దని చెప్పాను. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళ సంగతి వేరు. స్నేహితుడి తుపాకీ సరదాగా పట్టుకుని ఫోటో దిగినా మెడకి చుట్టుకోవచ్చు. మనవాళ్ళ పిల్లలు ఎందరో ఇక్కడ వీసాల మీదే ఉన్నారు. వాళ్ళకి ఈ మాట చెప్పే పెద్దలు తక్కువ, అందుకే భోజనాల దగ్గర అందరూ వినేలా చెప్పాను.

నేను లైసెన్స్ తీసుకున్నాను, అవసరం లేకపోయినా. పరీక్షలో యాభై తూటాలు పేల్చాలి, మూడు గజాల నుంచి, ఏడు నుంచి, పదిహేను నుంచి. ఎవరో ఒకరు నిలబడి నా గురి చూసి లెక్క కట్టడం మంచిదనిపించింది.

డిసెంబర్ 1, ఆదివారం

గుంటూరుకి ఫోన్. నాన్న పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేశారు, బెల్ ఆఫ్ ఆర్మ్స్ అనే ఆయుధాల గదిలో రైఫిళ్ళ లెక్క ఆయన చేతుల మీద నడిచేది. హాలో పాయింట్ అనగానే గొంతు మారింది.

“తల్లీ, మొన విచ్చుకునే తూటా యుద్ధంలోనే నిషేధం కదా. షాపులో పెట్టుకుంటావా?”

“తెలుసు నాన్నా. ఆ కథ మన దేశంలోనే మొదలైంది కదా.”

కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల చివర్లో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే .303 బుల్లెట్‌కి ముక్కు దగ్గర కవచం తీసేసి సీసం బయటపెట్టాడు. వాయవ్య సరిహద్దులో మన ప్రజల మీద వాడారు. 1899లో హేగ్‌లో దేశాలు కూడి, తమ మధ్య యుద్ధాల్లో అలాంటివి వాడమని ప్రకటించాయి. నాన్నకి ఆ చరిత్ర అంతా తెలుసు. నేను చెప్పింది ఒకటే: ఆ ప్రకటన సైన్యాల గురించి. ఇక్కడి పోలీసులు విచ్చుకునే తూటాలు వాడే కారణం ఎక్కువ బాధ పెట్టాలని కాదు. విచ్చుకున్న బుల్లెట్ లోపలే ఆగే అవకాశం ఎక్కువ. గుండ్రటి ముక్కున్న కవచం బుల్లెట్ మనిషిని దాటుకుని వెనకున్నవాళ్ళ దాకా వెళ్తుంది. నా షాపులో వెనకున్నది కుర్చీలు.

కాసేపు ఊరుకున్నారు. “మరి రెండంగుళాల గొట్టంలో అది విచ్చుకుంటుందా?” అన్నారు. నలభై ఏళ్ళు రైఫిళ్ళతో బతికిన మనిషి కదా, ముడి ఎక్కడుందో పట్టేశారు.

డిసెంబర్ 8, ఆదివారం

నాన్న అడిగిన దాని మీదే వారమంతా.

హాలో పాయింట్ ముక్కులో గుంట ఉంటుంది. తడి కండలోకి దూసుకుపోతుంటే ఆ గుంటలో ఒత్తిడి పెరిగి అంచులు బయటికి విచ్చుకుంటాయి. దానికి వేగం కావాలి. పొట్టి గొట్టం తీసేసుకునేది ఆ వేగాన్నే. తేలిక బుల్లెట్ వేగంగా పోతుంది, విచ్చుకుంటుంది, కానీ బరువు లేక తొందరగా ఆగిపోతుంది. బరువు బుల్లెట్ లోతుకి వెళ్తుంది, కానీ విచ్చుకోడానికి వేగం చాలకపోవచ్చు. మందపాటి గుడ్డ అడ్డమొస్తే గుంటలో పోగులు కూరుకుపోతాయి, ఇక అది మామూలు గుండే. పొడుగు గొట్టానికి అంత పట్టింపు లేదు, రెండిటికీ సరిపడా వేగం మిగులుతుంది. నా 642కి మిగలదు. విచ్చుకోవడమా, లోతా అని ఒకటి తేల్చుకోవాలి.

ఈ ఇబ్బంది తెలిసి చేసినవి కొన్ని ఉన్నాయి. స్పీర్ వాళ్ళ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల ప్లస్ పి పొట్టి గొట్టం కోసమే పెద్ద గుంటతో చేసింది. డబ్బా మీద వేగం 1.9 అంగుళాల గొట్టంలోంచి 860 అడుగులని ఉంది. నా తుపాకీకి పనికొచ్చే అంకె చెప్పిన డబ్బా నాకు అదే దొరికింది, దాన్ని చూడగానే గౌరవం కలిగింది. హోర్నడీ 110 గ్రెయిన్లలో గుంట నిండా మెత్తటి పాలిమర్ పెట్టారు, గుడ్డ కూరుకోకుండా. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ మైక్రో 130 గ్రెయిన్లలో బుల్లెట్ మొత్తం ఇత్తడి గొట్టంలోకే దిగబెట్టారు, మొన బయటికి కనపడదు. మూడూ మంచివే. గోల్డ్ డాట్ తన్ను 158 అంత కాదు గానీ, వరసగా ఐదు పేల్చాక నా గురి చెదిరింది.

డిసెంబర్ 14, శనివారం

వాడ్ కట్టర్.

నేర్పించే ఆయన తన పెట్టెలోంచి తీసిచ్చారు. పైనుంచి చూస్తే ఖాళీ ఇత్తడి గొట్టం అనిపిస్తుంది. 148 గ్రెయిన్ల సీసపు కడ్డీ ముక్క అంచు దాకా లోపలికి దిగి ఉంటుంది, ముక్కు బల్లపరుపు. గురి పోటీల కోసం చేసిన తూటా ఇది. కాగితంలో కండక్టరు టికెట్ మీద పంచ్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేస్తుంది, చిరుగు ఉండదు.

.38 స్పెషల్ పుట్టింది 1898లో, నల్ల తుపాకీమందు కాలంలో. ఆ మందు చాలా పట్టాలి కాబట్టి తూటా ఇత్తడి గొట్టం పొడుగు పెట్టారు. తర్వాత వచ్చిన పొగలేని మందు చిటికెడు చాలు, లోపల ఖాళీ మిగిలిపోయింది. వాడ్ కట్టర్ ఆ ఖాళీలోనే ఒదిగింది. 1927లో కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్, 1950లో స్మిత్ అండ్ వెసన్ చీఫ్స్ స్పెషల్ వచ్చినప్పుడు ఈ .38 స్పెషల్‌నే రెండంగుళాల గొట్టమున్న రివాల్వర్లలో పెట్టారు. నా 642 ఆ చీఫ్స్ స్పెషల్ వంశమే.

డబ్బా మీద వేగం 690, నాలుగంగుళాల లెక్క. నా దాంట్లో ఇంకా తక్కువ. అయినా జెలటిన్‌లో పన్నెండంగుళాలు దాటుతుంది. విచ్చుకోడానికి అందులో ఏమీ లేదు కాబట్టి గుడ్డ అడ్డమొచ్చినా పెద్ద తేడా రాదు. గుండ్రటి ముక్కు కండని పక్కకి నెట్టుకుంటూ పోతే, బల్లపరుపు అంచు కోసుకుంటూ పోతుంది. ముఖ్యంగా, తన్నదు. ఇవాళ ఐదూ అరచేతి మేర లోపల పడ్డాయి, చెయ్యి మండలేదు, ఇంకో డబ్బా విప్పాలనిపించింది.

డిసెంబర్ 22, ఆదివారం

తేలిక రివాల్వర్లకి ఒక జబ్బుంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మిగిలిన తూటాల ఇత్తడి గొట్టాలు దాంతోపాటు వెనక్కి వస్తాయి, లోపలి బుల్లెట్లు బరువుకి ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తాయి. అంచు బిగింపు చాలకపోతే బుల్లెట్ కొద్దికొద్దిగా ముందుకి జరుగుతుంది. సిలిండర్ దాటి మొన బయటికొస్తే సిలిండర్ తిరగదు. అంతే, తుపాకీ పనిచెయ్యదు. 

చూసే పద్ధతి తేలిక. నాలుగు పేల్చి, ఐదోదాన్ని బయటికి తీసి, డబ్బాలోని కొత్త తూటా పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలవాలి. 158 సీసపు ప్లస్ పి కంటికి తెలిసేంత జరిగింది. గోల్డ్ డాట్ జరగలేదు. వాడ్ కట్టరూ జరగలేదు. జరిగినా ఇత్తడి గొట్టం లోపల అంత లోతుగా ఉన్నది సిలిండర్‌కి అడ్డం పడడానికి చాలా దూరం రావాలి. 158ని పక్కన పెట్టేశాను.

జనవరి 5, 2025, ఆదివారం

ఇరవై అడుగుల దూరంలో అన్నిటినీ ఒకే చుక్క మీద గురిపెట్టి పేల్చాను. 110 గ్రెయిన్లది చుక్కకి కింద పడింది. బరువైన బుల్లెట్ గొట్టంలో కాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఆలోగా గొట్టం మూతి తన్నుకి పైకి లేస్తుంది, కాబట్టి పైన పడుతుంది. తేలికది త్వరగా బయటపడి కిందికి పోతుంది. ఇలాంటి రివాల్వర్ల గురి గాడిని జరపడం కుదరదు, బరువు బుల్లెట్‌ని మనసులో పెట్టుకునే కోసి ఉంటారు. 148, 135 రెండూ చుక్క మీదికే వచ్చాయి.

జనవరి 12, ఆదివారం

జిప్సమ్ గోడ సంగతి. అరంగుళం పలకలు రెండు, మధ్యలో ఖాళీ. మనిషిని ఆపగల ఏ చేతి తుపాకీ తూటానీ అది ఆపదు. హాలో పాయింట్ అయితే గుంటలో జిప్సమ్ పొడి కూరుకుని విచ్చుకోకుండానే ఇంకా ముందుకి పోతుంది. ఇంతకాలం దీనికి తగిన తూటా ఏదని వెతికాను. అలాంటిది లేదు. ఇవాళ మా ఆయనా నేనూ కలిసి మందులు కలిపే బల్లని గదిలో అవతలి మూలకి జరిపాం, గోడకి ఆనించి కాగితాల ఇనప బీరువాలు పెట్టాం. కుర్చీల్ని తలుపు వరస నుంచి తీసి కుడి గోడ పక్కన వేశాం. మా టెక్నీషియన్‌కి ఎందుకో వివరంగా చెప్పాను. ఆమెకి తెలిసి ఉండాల్సిన విషయం.

జనవరి 21, మంగళవారం

హ్యూస్టన్‌లో మంచు! ఊరంతా తెల్లగా, రోడ్లు మూసేశారు. షాపు తెరవలేదు. వీధిలో పిల్లలు ఉన్న బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని తిరుగుతున్నారు: బనీను, చొక్కా, ఫ్లీస్ స్వెటర్, పైన జీన్స్ కోటు. ఎఫ్‌బీఐ పరీక్షలో జెలటిన్ మీద కప్పే మందపాటి బట్టలంటే దాదాపు ఇవే, ఇదే వరసలో. ఏడాదిలో పది నెలలు చెమటలు కారే ఊరే గానీ, దీపాలు పెట్టేసరికి దొంగ బుద్ధి ఉన్నవాడు వేసవిలో కూడా లావు జాకెట్ వేసుకుని వస్తాడని నేర్పించే ఆయన చెప్పారు, దాచుకోడానికి. గుడ్డని లెక్కచెయ్యని తూటా కావాలన్న మాట ఇంకా గట్టిపడింది.

జనవరి 26, ఆదివారం

తేల్చుకున్నాను. సిలిండర్‌లో ఐదు వాడ్ కట్టర్లు. దాని లోతు గుడ్డ మీదా విచ్చుకోవడం మీదా ఆధారపడదు, నా కీళ్ళు దాన్ని భరిస్తాయి, ఐదో గుండు కూడా నేను చూసిన చోటే పడుతుంది. గట్టి చెయ్యి ఉన్నవాళ్ళు గోల్డ్ డాట్ పెట్టుకుంటే నేను కాదనను. మా ఆయన తన దాంట్లో అదే పెట్టుకున్నారు. ఇద్దరివీ విడివిడి వేలిముద్ర పెట్టెల్లో, మనవరాలు వచ్చే ఇంట్లో.

మళ్ళీ నింపుకోడానికి ఉంచిన రబ్బరు పట్టీలో మాత్రం నేను కూడా గోల్డ్ డాట్లే పెట్టాను. వాడ్ కట్టర్ బల్లపరుపు ముక్కు సిలిండర్ రంధ్రం అంచుకి తట్టుకుని లోపలికి దిగనంటుంది, వణికే చేత్తో అసలే కుదరదు. గుండ్రం తిరిగిన మొన దానంతట అదే దారి చూసుకుంటుంది. రెండూ ఒకే చుక్క మీదికి వస్తాయి కాబట్టి గురి మార్చక్కర్లేదు.

పోటీ తూటాలకి ప్రైమర్ చుట్టూ లక్క పూత అన్నిటికీ ఉండదు. కోటు జేబు చెమటా ఈ ఊరి తేమా కలిస్తే మందు చెమ్మగిల్లే ప్రమాదం ఉంది. ఆరేసి నెలలకి జేబులోవి రేంజ్‌లో ఖర్చుపెట్టి కొత్తవి నింపాలి. అదే లాట్ నంబర్ ఉన్న డబ్బాలు ఇంకో నాలుగు తీసిపెట్టమని దుకాణం కుర్రాడికి చెప్పాను.